జొన్న పాతర, ఫోను పాతర

సంచికకు ఏదైనా రాయమని విద్యార్థి సంఘం మిత్రులు అడిగారు. సైన్సు విద్యార్థివి గనక సైన్సు మీదే రాయాలి, అయితే తెలుగు ఎమ్మే వాళ్లకి కూడా అర్థం కావాలి అని షరతు పెట్టారు. రెండూ కుదిరే విషయం కోసం నాలుగు రోజులు ఆలోచించాను. చివరికి దొరికింది మా తాతయ్య చెప్పే జొన్న పాతర. పాతరకీ సైన్సుకీ ఏమిటి సంబంధం అంటారా? ఉంది. మీ జేబులోని ఫోను రోజూ చేసే పని అదే.

మాది చిలకలూరిపేట దగ్గర పల్లె. నాన్న మిరప, పత్తి వేస్తాడు. తాతయ్య చిన్నతనంలో మాత్రం మా చేలల్లో పండింది జొన్నే. 1967 ఆగస్టులో నాగార్జునసాగర్ కాలవలకు నీళ్లు వదిలారు. ఆ తర్వాత మెల్లమెల్లగా జొన్న వెనక్కి పోయింది. అంతకు ముందు ఒక పంట జొన్నలు ఏడాది పొడుగునా తినాలి గనక పాతర వేసేవాళ్లు. నీరు ఊరని గట్టి నేల చూసి గొయ్యి తీసి, అడుగునా చుట్టూ గడ్డి పరిచి, జొన్నలు పోసి, పైన మళ్లీ గడ్డి కప్పి మట్టితో మూసేవాళ్లు. పాతర తీసినప్పుడు కొన్ని బస్తాలు ఇంట్లోకి వచ్చేవి. బస్తాలోంచి కుండలోకి, కుండలోంచి నాయనమ్మ చేటలోకి. దూరంగా ఎక్కువ సరుకు, చేతికందే చోట తక్కువ సరుకు. పూటపూటకీ గొయ్యి తవ్వేవాళ్లు ఎవరూ ఉండరు గదా!

ఇంగ్లీషులో ‘క్యాష్’ అని ఒక మాట ఉంది. డబ్బు కాదు, పలకడం ఒకటే, స్పెల్లింగు వేరు. ఫ్రెంచి భాషలో దాచడం అనే అర్థమున్న మాటలోంచి వచ్చింది. ఉత్తర అమెరికా అడవుల్లో బొచ్చు కోసం జంతువుల్ని వేటాడేవాళ్లు దారిలో తిండి గింజలు, సామాన్లు దాచుకునే గోతిని ఆ పేరుతో పిలిచేవారు. అంటే అక్షరాలా మన పాతరే. 1965లో కేంబ్రిడ్జి శాస్త్రజ్ఞుడు మారిస్ విల్క్స్ పెద్ద జ్ఞాపకశాల పక్కన చిన్న, వేగమైన జ్ఞాపకశాల ఒకటి ఉంటే కంప్యూటరు పని త్వరగా అవుతుందని రాశాడు. 1968లో ఐ.బి.ఎం. వారి సిస్టమ్ 360 మోడల్ 85 కంప్యూటరుతో దానికి ‘క్యాష్’ అన్న పేరు స్థిరపడింది. ఈ వ్యాసంలో నేను పాతర అనే అంటాను.

ఇంటర్నెట్‌కి పాతర ఎందుకు కావలసి వచ్చిందో ఒక చిన్న లెక్క చేస్తే తెలుస్తుంది. గాజు తీగలో వెలుతురు సెకనుకు సుమారు 2 లక్షల కిలోమీటర్లు పోతుంది. మనకు కావలసిన పేజీ అమెరికాలో 13,000 కిలోమీటర్ల దూరంలో ఉన్నదనుకోండి. మన ప్రశ్న పోయి జవాబు రావడానికి 26,000 కిలోమీటర్లు, అంటే 0.13 సెకను. అదే పేజీ నకలు హైదరాబాదులో, 300 కిలోమీటర్లలో ఉంటే 0.003 సెకను చాలు. నలభై రెట్లకు పైగా తేడా! ఒక పేజీ పూర్తిగా తెరుచుకోవాలంటే బొమ్మలకీ అక్షరాలకీ ఇలాంటి రాకపోకలు ఎన్నో జరగాలి. వెలుతురు వేగాన్ని పెంచడం ఏ ప్రభుత్వం వల్లా కాదు. అమెరికాను దగ్గరికి జరపడం అసలే కాదు. చేయగలిగిందల్లా సరుకును దగ్గరికి తెచ్చి పెట్టుకోవడం.

ఇది వేగం సంగతి. వృథా సంగతి ఇంకొకటి ఉంది. అది నేను పుస్తకంలో చదవలేదు, మా బజారులో చూశాను.

2020లో బడులు మూతపడినప్పుడు నేను పదో తరగతిలోకి వచ్చాను. పాఠాలన్నీ ఫోనులో. ఇంటికి ఒకటే ఫోను, రోజుకు ఒకటిన్నర జీబీ ప్యాకు. నాన్న చేలోంచి వచ్చాక ఎంత మిగిలి ఉంటే అంత చదువు. మా బజారులో పదో తరగతి పిల్లలం ఆరుగురం. అయిదిళ్లలో ఫోను ఉంది. ఒక పాఠం రమారమి 200 ఎంబీ. అదే మాస్టారు, అదే బోర్డు, అదే లెక్క. అయిదిళ్లకు అయిదుసార్లు, వెయ్యి ఎంబీ, ఎక్కడి నుంచో ప్రయాణం చేసి వచ్చేది. కొన్నాళ్లకు, ఇంట్లో ఫైబరు కనెక్షను ఉన్న మిత్రుడొకడు పాఠాన్ని ఒక్కసారి దింపుకుని, సాయంత్రం రామాలయం అరుగు మీద మా ఫోనుల్లోకి నేరుగా ఎక్కించడం మొదలుపెట్టాడు. వెయ్యి ఎంబీ పని 200తో అయిపోయింది. నాలుగిళ్లలో ప్యాకు మిగిలింది. ఆ అరుగు మా బజారు పాతర అని అప్పుడు మాకెవరికీ తెలియదు. ఫోనే లేని ఆరో పిల్ల మాత్రం ఆ ఏడు మిరప కోతలకు వెళ్లింది. ఎంత దగ్గర పాతర ఉన్నా, పట్టుకెళ్లడానికి గిన్నె కూడా ఉండాలి గదా.

అరుగు మీద మేము చేసిన పనే 1994లో జెనీవా దగ్గరి సెర్న్ పరిశోధనాలయంలో యంత్రం చేత చేయించారు. ఆరి లుయోటోనెన్, కెవిన్ ఆల్టిస్ అనే ఇద్దరు, ‘ప్రాక్సీ’ అనే మధ్యవర్తి కంప్యూటరు గురించి ఆ ఏడు జరిగిన మొట్టమొదటి వెబ్ మహాసభలో వివరించారు. సంస్థలో ఎవరు ఏ పేజీ అడిగినా ప్రాక్సీ తెచ్చి ఇస్తుంది. ఇస్తూ ఒక నకలు తన దగ్గర ఉంచుకుంటుంది. రెండోవాడు అడిగితే గడప దాటకుండా ఇచ్చేస్తుంది. 1996లో ‘స్క్విడ్’ అనే ఉచిత ప్రోగ్రాము వచ్చాక ఈ పద్ధతి ప్రపంచమంతటా కళాశాలల్లోకి పాకింది. మన దేశంలో 1995 ఆగస్టు 15న వి.ఎస్.ఎన్.ఎల్. ద్వారా ప్రజలకు ఇంటర్నెట్ అందింది. ఆ రోజుల్లో సన్నటి టెలిఫోను లైను మీద ఒక్క బొమ్మ పైనుంచి కిందికి మెల్లగా దిగుతుంటే గుడ్లప్పగించి చూసిన పూర్వ విద్యార్థులకు, ఇంకొకరు తెచ్చిన నకలు విలువ ఏమిటో నేను చెప్పనక్కరలేదు.

లోకంలో కోట్ల పేజీలు ఉంటే చిన్న పాతర ఏ మూలకని సందేహం రావచ్చు. జవాబు మన అలవాట్లలోనే ఉంది. అందరూ అన్నీ అడగరు. కొన్నింటినే అందరూ అడుగుతారు. శివరాత్రికి కోటప్పకొండ తిరునాళ్లలో ప్రభల వీడియో ఒకటి బాగుందంటే మా చుట్టుపక్కల ఊళ్లన్నీ దాన్నే చూస్తాయి. 1999లో లీ బ్రెస్లావ్, పే కావ్, మరి కొందరు పరిశోధకులు ఆరు ప్రాక్సీల చిట్టాలు పరిశీలించి ఈ సంగతిని లెక్క కట్టారు. ఎక్కువమంది అడిగే పేజీ మొదలు వరసగా పేర్చితే, వరసలో కిందికి పోయేకొద్దీ అడిగేవాళ్లు ఒక క్రమం ప్రకారం తగ్గిపోతారు. కాబట్టి చిన్న పాతర కూడా చాలా మేలు చేస్తుంది. తమాషా ఏమిటంటే, పాతరను రెట్టింపు చేసినంత మాత్రాన మేలు రెట్టింపు కాదు. చేసిన ప్రతిసారీ కొద్దిపాటి మోతాదే కలుస్తుంది. అంచేత నిండిన పాతరలో ఏది ఉంచాలి, ఏది తీసెయ్యాలి అన్నది ముఖ్యం. అందరికీ తెలిసిన సూత్రం, చాలాకాలంగా వాడని దాన్ని ముందు తీసెయ్యడం. మా అమ్మ వంటింట్లో చేసేదీ అదే. రోజూ వాడే గిన్నె చేతికందే చోట, పండక్కి దింపే గుండిగ అటక మీద.

ఇక్కడిదాకా అంతా లాభమే కనిపిస్తుంది. అసలు చిక్కు ఇకమీదట.

తాతయ్య పాతర గురించి చెప్పేటప్పుడు లాభం ఒక్కటే చెప్పడు. పాతర మూత తీయగానే దిగకూడదట. ముందు లాంతరు దింపి చూడాలి. దీపం ఆరిపోతే లోపల చెడుగాలి ఉన్నట్టు. దిగినవాడు తిరిగి రాడు. గింజలు మూసిన చోట ఊపిరి పీల్చి బొగ్గుపులుసు వాయువు వదులుతాయని మాకు ఇప్పుడు క్లాసులో చెబుతున్నారు. లాంతరు సంగతి వాళ్లకు ముందే తెలుసు. గోడవారు జొన్నలు ముక్కిపోయి రంగు మారతాయి. వాటిని ఏరి వేరే పెట్టాలి. దాచినది దాచినట్టే ఉండదు. ఎన్నాళ్లు బాగుంటుందో తెలిసినవాడే దాచాలి.

2025 మిరప రైతుకు మంచి ఏడు కాదు. ధర ఎంత పడిపోయిందంటే, ఫిబ్రవరిలో కేంద్ర ప్రభుత్వం మార్కెట్ జోక్య పథకం కింద క్వింటాలుకు 11,781 రూపాయల ధర ప్రకటించవలసి వచ్చింది. అలాంటి రోజుల్లో నాన్న ఒక ఉదయం ఫోనులో ధర చూసుకుని, ఫరవాలేదనుకుని, ఇరవై టిక్కీలు బండికెత్తించి గుంటూరు పంపాడు. యార్డులో ఆ ధర లేదు. క్వింటాలుకు ఆరు వందలు తక్కువ. ఎనిమిది క్వింటాళ్ల మీద 4,800 రూపాయలు. కోతకూలీల డబ్బులో కొంత భాగం అక్కడే పోయింది. నాన్న చూసిన ధర అబద్ధం కాదు. రెండు రోజుల కిందట అది నిజమే. ఆ సైటు ఏదో నేను చెప్పను, అది ఇక్కడ అవసరం లేదు. కాని తర్వాత హాస్టలులో మిత్రుడి కంప్యూటరు మీద ఆ పేజీ తెరిచి, పేజీతోపాటు కంటికి కనపడకుండా వచ్చే చీటీ చదివాను. ‘ఈ నకలు 1,72,800 సెకన్లు చెల్లుతుంది’ అని ఉంది. 86,400 చేత భాగించండి: సరిగ్గా రెండు రోజులు. రోజుకో రకంగా మారే ధరను, రెండు రోజులు దాచుకోవచ్చునని ఎవరో ఎక్కడో కూర్చుని రాసేశారు. ఫోను ఆ మాట నమ్మి, మళ్లీ అడక్కుండా పాత ధరే చూపించింది.

సెలవులకు ఇంటికెళ్లి ఈ వివరమంతా చెబితే నాన్న సాంతం విన్నాడు.

“అయితే ఫోను తప్పు కాదంటావు.”

“కాదు నాన్నా. దాచుకొమ్మన్నారు, దాచింది.”

“దాచుకుంటే దాచుకుందిలేరా. ధర పక్కన తేదీ వెయ్యకపోతే అది ధరెట్టా అవుద్ది? ఇది ఎల్లుండి పాతదని ఒక్క ముక్క ఉంటే సరుకు కోల్డ్ స్టోరేజిలో పెట్టేవాణ్ణి గదా.”

నేను చదివిన పుస్తకాలలో ఈ విషయం మీద ఇంత సూటి మాట కనపడలేదు. 1997 జనవరిలో వెలువడిన హెచ్.టి.టి.పి. 1.1 నిబంధనలూ, వాటిలో పాతరకు సంబంధించిన భాగాన్ని తిరగరాసి 2022 జూన్‌లో వెలువరించిన నిబంధనలూ నాన్న అన్నదాన్నే వందల పేరాల్లో చెబుతాయి. నకలు ఎన్ని సెకన్లు చెల్లుబాటో రాయవచ్చు. మధ్యలో ఉన్న పాతర, నకలు తన దగ్గర ఎన్ని సెకన్లుగా ఉన్నదో ‘వయసు’ అనే గడిలో రాసి మరీ ఇవ్వాలి. చీటీలో ఇవన్నీ ఉన్నాయి. నాన్నకు కనపడే తెర మీదే లేవు.

మరి ధరలాంటివి దాచుకోకుండా ప్రతిసారీ మొత్తం తెచ్చుకోవాలా? అక్కరలేదు. ఈ శాస్త్రంలో నాకు అన్నింటికన్నా నచ్చిన ఉపాయం ఇక్కడే ఉంది. కాలవకు నీళ్లొచ్చాయో లేదో తెలుసుకోవడానికి మా ఊళ్లో ఎవరూ పలుగూ పారా భుజాన వేసుకుని తూముదాకా పోరు. లస్కరుకు ఫోను చేసి “వదిలారా?” అని అడుగుతారు. “లేదు” అంటే ఇంట్లోనే ఉంటారు. వెబ్ కూడా అంతే. పేజీకి ఒక గుర్తుముద్ర వేసి పంపవచ్చు. ఫోను ఆ ముద్రను పంపి, ‘నా దగ్గర ఈ ముద్ర ఉన్న నకలు ఉంది, మారిందా?’ అని అడుగుతుంది. మారకపోతే అవతలి కంప్యూటరు 304 అనే అంకె వేసి ‘మారలేదు’ అని మాత్రం చెబుతుంది, పేజీ పంపదు. చిన్న ప్రశ్న, చిన్న జవాబు. 200 ఎంబీ పాఠమైనా సరే, మారలేదని చెప్పడానికి నాలుగు ముక్కలు చాలు. ‘దాచుకో, కాని వాడే ముందు ప్రతిసారీ అడుగు’ అని చీటీలో రాయడానికి కూడా వీలుంది. ఆ ధరల పేజీకి కావలసింది ఆ ఒక్క వాక్యమే.

అన్నింటినీ పాతరలో వెయ్యకూడదు కూడా. 2023 ఏప్రిల్‌లో ఇంటర్ ఫలితాలు వచ్చిన రోజు నేను చూసిన సైటు గంటసేపు తెరుచుకోలేదు. లక్షలమంది ఒక్కసారి తలుపు తట్టారు. ఆలోచిస్తే, ఆ పేజీలో బొమ్మ, రంగులు, హాల్ టికెట్ నంబరు వేసే పెట్టె అందరికీ ఒకటే. వాటిని వంద చోట్ల నకలు పెట్టి పంచవచ్చు. మార్కులు మాత్రం ఎవరివి వాళ్లవి. నా మార్కుల పేజీ ఉమ్మడి పాతరలో పడి పక్కవాడికి వస్తే? నాన్న బ్యాంకు ఖాతా పేజీ వస్తే? అందుకే చీటీలో ‘సొంతానికి మాత్రమే’ అనీ, ‘అసలు దాచవద్దు’ అనీ వేర్వేరు ఆజ్ఞలు ఉన్నాయి. ఉమ్మడిదేదో సొంతమేదో విడదీయడం తెలిసినవాడే ఫలితాల రోజు తట్టుకుంటాడు.

సొంత విషయాలు దారిలో ఎవరూ చదవకూడదని వెబ్ పేజీలను గూఢలిపిలో, అంటే సీలు వేసిన కవరులో పంపడం కొన్నేళ్లుగా పెరిగింది. 2018 జులై నుంచి క్రోమ్ బ్రౌజరు సీలు లేని సైట్లన్నింటి మీదా ‘భద్రం కాదు’ అని గుర్తు వేస్తున్నది. ఇది మంచి పనే. కాని కవరు విప్పలేని మధ్యవర్తి నకలు తీయలేడు గదా! కళాశాలల్లోని పాత ప్రాక్సీలకు పని తగ్గిపోయింది. ఇప్పుడు పాతరలు సైట్ల వాళ్లకు సంబంధించినవే. 1998లో అమెరికాలోని ఎం.ఐ.టి. గణిత ఆచార్యుడు టామ్ లైటన్, ఆయన విద్యార్థి డేనియల్ లెవిన్ ‘అకమాయ్’ అనే కంపెనీ పెట్టి, ఇతరుల పేజీల నకళ్లను ప్రపంచమంతా పెట్టడం వ్యాపారంగా మొదలుపెట్టారు. లెవిన్ 2001 సెప్టెంబరు 11న హైజాక్ అయిన విమానంలో చనిపోయాడు. ఆయన చిన్న వయసులో వేసిన లెక్క మీద నేటికీ లోకం నడుస్తున్నది. గూగుల్, నెట్‌ఫ్లిక్స్ వంటివి తమ పెట్టెల్ని ఇంటర్నెట్ ఇచ్చే సంస్థల గదుల్లోనే పెట్టిస్తున్నాయి. సాగర్ నీళ్లు మా ఊరి మంచినీళ్ల చెరువులో నింపుకున్నట్టన్నమాట.

అయితే ఇందులో ఒక మెలిక ఉంది. ఇంటర్నెట్ సంస్థ గదిలోని పాతర వల్ల దూరపు తీగల మీద భారం తగ్గుతుంది, సంస్థకు ఖర్చు తగ్గుతుంది, మనకు వేగం పెరుగుతుంది. మన ప్యాకు మాత్రం ఒక్క ఎంబీ కూడా తగ్గదు. ఆ గది నుంచి మన ఫోనుకు రావడం కూడా లెక్కలోకే వస్తుంది. ప్యాకు మిగిల్చేది రెండే: ఫోను లోపలి పాతర, ప్యాకుతో పని లేకుండా అందే పాతర. మా అరుగు రెండో రకం. 2017 డిసెంబరు 27న రాష్ట్రపతి రామ్‌నాథ్ కోవింద్ ఏపీ ఫైబర్‌నెట్‌ను ప్రారంభించినప్పుడు కరెంటు స్తంభాల మీదుగా తీగ లాగి, నెలకు 149 రూపాయల నుంచి కనెక్షను ఇస్తామన్నారు. అలా తీగ ఊళ్లోకి రావడం ఒక మెట్టు. తీగ చివర మనకు కావలసినది పోగేసి పెట్టుకోవడం రెండో మెట్టు. అది ఎవరో వచ్చి చేసే పని కాదు, మనం చేసుకోవలసిందే.

కాబట్టి విద్యార్థి సంఘానికీ, అధ్యాపకులకీ, ఈ సంచిక చదువుతున్న పూర్వ విద్యార్థులకీ ఒక మనవి. మన లైబ్రరీలో ఒక పాత కంప్యూటరు, దానికి రెండు టెరాబైట్ల డిస్కు ఒకటి ఇప్పించండి. పాఠం 200 ఎంబీ అనుకుంటే పదివేల పాఠాలు పడతాయి. ఐ.ఐ.టి.ల వారి ఎన్.పి.టి.ఇ.ఎల్. పాఠాలు దింపుకోనిస్తారు. 2003 డిసెంబరులో మొదలైన తెలుగు వికీపీడియా కూడా ‘కివిక్స్’ అనే ఉచిత ప్రోగ్రాముతో నెట్ లేకుండానే చదువుకోవచ్చు. హాస్టలు వాళ్లు లైబ్రరీ వైఫైలోంచి ప్యాకు ఖర్చు లేకుండా చూసుకుంటారు. ఫోను లేనివాళ్లు ఆ కంప్యూటరు ముందే కూర్చుంటారు. నాకు వాళ్లే ముఖ్యం. దింపి పెట్టే పని, సెలవులకొకసారి ఏది మారిందో అడిగి మారినవి మాత్రమే కొత్తవి తెచ్చే పని మా క్లాసు వాళ్లం చేస్తాం.

ఒక్క నియమం మాత్రం పెట్టుకుందాం. ప్రతి పాఠం పేరు పక్కన, దాన్ని ఏ రోజున తెచ్చామో పెద్ద అక్షరాలతో రాద్దాం.